ఒక దీవి ఎక్కువ

"సోయికూర మరిచిపోకు!" వెనక నుంచి కోర్నేలియా కేక.

సెవెరిన్‌కి వినిపిస్తేగా! భార్య రాసిచ్చిన సరుకుల చీటీ జేబులో కుక్కుకుని, సైకిలెక్కి ఫైరింజన్ షెడ్డు వైపు ఒకటే తొక్కుడు. ఊళ్ళో రేడియో క్లబ్బు కూడేది ఆ షెడ్డు పక్క హాల్లోనే. పోటీ ఫలితాలు వచ్చేశాయట.

పోటీ జరిగింది ఏప్రిల్లో. ఇరవై నాలుగ్గంటల పాటు, పోలండులో ఉన్న రేడియో పిచ్చోళ్ళంతా మోర్స్ మీట కొట్టి ప్రపంచాన్ని పలకరిస్తారు. ఎన్ని దేశాలు పలికితే మార్కులు అన్ని రెట్లు. సెవెరిన్‌కి మార్కులు బాగానే వస్తాయి. కానీ ఏం లాభం? మాంసం కొట్టు హిపోలిత్ పట్టికలో ఏ మెట్టు మీదుంటే, సెవెరిన్ సరిగ్గా దాని కింది మెట్టు. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఈసారి పందెం వేసుకున్నారు. ఓడితే మీసం తీయించేస్తానన్నాడు హిపోలిత్. చీపురుకట్టంత మీసం అది.

సెవెరిన్ ఇంకా పెద్ద ఒట్టే వేశాడు, అదీ భార్య దగ్గర. "మళ్ళీ ఓడితే రేడియో అమ్మేస్తా. ప్లమ్ చెట్ల మీది ఆ ఏరియల్ తీగ పీకేస్తా."

"హమ్మయ్య, బతికిపోయాను!" అంది కోర్నేలియా. "ముప్పై రెండేళ్ళుగా ఆ కుయ్‌కుయ్ భరించలేక చెవుల్లో దూది కుక్కుకుంటున్నా. నువ్వు ఓడితే ఆ తీగ మీద హాయిగా దుప్పట్లు ఆరేసుకుంటా."

పోటీకి వారం ముందే పెట్టె సర్దుకుని, మోకాళ్ళ నెప్పులకని మూడు వారాలు శానటోరియంకి చెక్కేసింది. ఉప్పునీటి స్నానాలట. తిరిగొచ్చేసరికి ముక్కు ఎర్రగా కమిలి తోలు ఊడిపోయింది. నీళ్ళు పడలేదు కాబోలు పాపం అనుకున్నాడు సెవెరిన్.

హాలు కిటకిటలాడుతోంది. కార్యదర్శి లుద్మిలా, రిటైరైన లెక్కల టీచరు, కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"తొమ్మిదో స్థానం, హిపోలిత్ గారు."

హిపోలిత్ మీసం మెలేశాడు. "విన్నావురా సెవెరిన్? రేడియో ఎంతకిస్తావో చెప్పు, నేనే కొంటా."

సెవెరిన్ లుద్మిలా వైపు తిరిగాడు. "పదో స్థానంలో ఉన్నానా అండీ?"

"లేరు."

"పదకొండు?"

"అక్కడా లేరు."

అయిపోయింది. ముప్పై రెండేళ్ళ సరదా దుప్పట్ల పాలైంది. దుఃఖం ముంచుకొచ్చింది సెవెరిన్‌కి.

"ఎంతసేపూ కిందికే చూస్తారేం సెవెరిన్ గారూ?" విసుక్కుంది లుద్మిలా. "పైకి చూడండి! ఎనిమిది!"

హాలంతా గోల. ఎవరో సెవెరిన్‌ని భుజాల మీదికెత్తేశారు. ఇంకెవరో పక్క షెడ్డులోకి పరిగెత్తి ఫైరింజన్ సైరన్ మోగించేశారు. వీధిలో జనం బకెట్లతో వచ్చేశారు!

"ఆపండెహే!" అరిచాడు హిపోలిత్. "నేను వాడికంటే నలభై మందిని ఎక్కువ పలకరించా. ఇదెక్కడి న్యాయం?"

"ఆయనకి ఒక దేశం ఎక్కువ," అంది లుద్మిలా. "అట్లాంటిక్‌లో దీవి. పోటీ లెక్కలో అదీ ఒక దేశమే. మన దేశంలో ఇంకెవరికీ దొరకలేదు."

సెవెరిన్‌కి గుర్తొచ్చింది. పోటీ ఇరవై నిమిషాల్లో ముగుస్తుందనగా వచ్చింది ఆ సిగ్నల్. సన్నగా, వణుకుతూ, నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్ళు కొట్టినట్టు. తన కాల్ సైన్‌నే, అంటే లైసెన్సుతో ఇచ్చే ఆ రేడియో పేరునే, పట్టుకుని పదే పదే పిలిచింది. జవాబివ్వగానే చప్పున ఆగిపోయింది.

"అంతా కట్టుకథ!" హిపోలిత్ బల్ల గుద్దాడు. "గాల్లోంచి దీవిని పుట్టించాడు."

"నిర్ణేతలకీ అదే అనుమానం వచ్చిందట. కానీ అవతలి నుంచి కూడా పలకరింపుల పట్టీ అందింది, ఈయన పట్టీతో సరిపోయింది." లుద్మిలా కాగితం తిప్పింది. "విచిత్రం ఏంటంటే, ఆ పట్టీలో ఉన్నది ఒక్కటే వరస. ఇరవై నాలుగ్గంటల్లో ఒక్క పలకరింపు. అది సెవెరిన్ గారిదే. కాల్ సైన్ చూస్తే ఎవరో మన పోలండు వాడే అక్కడికెళ్ళాడు. లైసెన్సు కూడా కొత్తదే."

జనం పడీ పడీ నవ్వారు.

"అంత దూరం పోయి, తీగ కట్టి, ఒక్కడిని పలకరించి మూట కట్టేశాడా!"

"ఎవడండీ ఆ వెర్రిమాలోకం?"

"వెర్రిమాలోకం కాదు, మా ఇంటి దేవుడు!" అన్నాడు సెవెరిన్, భుజాల మీంచి దిగకుండానే. "కనిపించాడా, సాష్టాంగపడి కాళ్ళు పట్టుకుంటా. మీ అందరి ముందూ చెప్తున్నా!"

మాటంటే మాటే. హిపోలిత్‌ని కుర్చీలో కూలేసి కత్తెర తెచ్చారు. మీసం పోయాక చూస్తే, ఏముంది, పచ్చి పసివాడి మొహం! తనే అద్దంలో చూసుకుని పకాలున నవ్వేశాడు. సెవెరిన్‌ని వాటేసుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాడు. చెర్రీ వోడ్కా సీసా మూత తీశారు.

"మరిచేపోయా," అంది లుద్మిలా, క్లబ్బు పోస్టు పెట్టెలో చెయ్యి పెట్టి. "సెవెరిన్ గారూ, మీకో కార్డు. ఆ దీవి నుంచే."

పలకరింపు జరిగిందనడానికి కార్డు పంపుకోవడం రేడియో వాళ్ళ మర్యాద. సెవెరిన్ ఆత్రంగా లాక్కున్నాడు. ఒక వైపు నీలం సముద్రం.

తిప్పి చూస్తే తేదీ, వేళ, సిగ్నల్ బలం అన్నీ పద్ధతిగానే ఉన్నాయి గానీ, అట్టడుగున, పొద్దున జేబులో కుక్కుకున్న చీటీలోని ఆ గుండ్రటి చేతిరాతతోనే ఇంకో మాట కూడా ఉంది: "ఇంటికొచ్చేటప్పుడు సోయికూర మరిచిపోకు."