నేల తాకని కాయ

మామిడికాయలు కోసే నా చిక్కం కర్రను మనవరాలు మౌనిక దాచేసింది. తను తయారుచేసిన వీడియో గేమ్‌లో మొదటి లెవెల్ దాటితేనే ఇస్తుందట.

పాత టీవీ బొమ్మల్లోలాగా ఎర్ర తువ్వాలు వీపున కట్టుకున్న వీరుడొకడు కొమ్మ నుంచి కొమ్మకు గెంతుతాడు. పైనుంచి రాక్షసుడు కాయలు విసురుతాడు. పొద్దుట్నుంచీ నా వీరుడు చస్తూనే ఉన్నాడు.

“తాతా, తప్పుకోమంటే కాయ కిందకే వెళ్తావేంటి? అవి బాంబులు!”

“బాంబైతే బాంబులా చెయ్యాలి. బంగినపల్లిలా చేసి నన్నంటావేంటే? రెడ్డిగూడెం తోటల్లో ఎవర్నైనా అడుగు, నేనుండగా కాయ నేల తాకదు.”

“ఒక్కటి తాకనీ తాతా.”

“నీ ఆటే తప్పు!” అని ఫోను మంచం మీద విసిరేశాను.

మౌనిక దాన్ని తీసి మళ్లీ నా చేతిలో పెట్టింది.

“కిందటేడు జారిన కాయ కోసం వంగేగా చెట్టు మీద నుంచి పడ్డావు? వదిలెయ్యడం నేర్చుకుంటావనే ఈ ఆట చేశాను.”

మళ్లీ ఆట మొదలుపెట్టాను. రాక్షసుడు కాయ విసిరాడు. ఈసారి వదిలేద్దామనే అనుకున్నాను.

మచ్చ లేకుండా, నిగనిగలాడుతూ వచ్చింది వెధవ కాయ. నా బొటనవేలు దాని కిందకే పోయింది.