ఆరో గది

సత్తెనపల్లి దాటాక పొలాల మధ్యనున్న మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఆ రాత్రి నస్రత్ కంప్యూటర్ ముందు కూర్చుంది. చలిగదులను నడిపే ప్రోగ్రాం ఆమే గో భాషలో రాసింది. ఉష్ణోగ్రత చదివేది మాత్రం పాత సీ కోడ్. గో తన మెమరీని తానే శుభ్రం చేసుకుంటుంది. సీ తీసుకున్నదాన్ని మనమే విడిపించాలి. అలవాటు లేక నస్రత్ ఆ సంగతి మరిచిపోయింది. మెమరీ నిండిపోయి యంత్రాలు రెండుసార్లు ఆగాయి. మళ్లీ ఆగితే ఆమె తండ్రి బస్తాలతో సహా ఊళ్ల మిర్చంతా బూజే.

ఐదు గదులకూ మెమరీని విడిపించే కోడ్ వరుసలు రాసింది. అయినా మెమరీ నిండుతూనే ఉంది. తెరమీద ఆరో గది కనిపించింది.

"చాచా, ఆరో గది ఎక్కడుంది?"

"ఉన్నవి ఐదేగమ్మా! నిద్రమత్తా ఏంది?" వాచ్‌మన్ బుడాన్ నవ్వాడు.

ఆరో గదిలో ముప్పై ఏడు డిగ్రీలు. మనిషి ఒంటి వేడి.

దాని మెమరీనీ విడిపించింది. నిండడం ఆగింది. కానీ డిగ్రీల అంకె దిగసాగింది. ముప్పై ఆరు. ముప్పై ఐదు. గోడ అవతల ఎవరో తడుతున్నారు.

"చాచా, అటువైపు ఏముంది?"

"పత్తి చేనే." బుడాన్ ఈసారి నవ్వలేదు.

ఆ వరుస చెరిపి చూసింది. అంకె పెరిగింది, మెమరీ మళ్లీ నిండసాగింది. వరుసను తిరిగి రాసి, నస్రత్ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ముప్పై రెండు. తట్టడం నెమ్మదించింది.