ఇరవై రెండోసారి

"ఈ దారం కోసెయ్యి సిస్టరమ్మా. పొట్టకున్న గొట్టం కూడా పీకెయ్యి. మేం పోతాం."

బైందు అప్పటికే మూట కట్టేసింది. ఆమె నాలుగేళ్ళ కూతురు ఇసాటా తల్లి ఒళ్ళో కూర్చుని, తన ముక్కులోంచి వేలాడే దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఆడుకుంటోంది. ఆ దారం ముక్కులోంచి గొంతులోకి, అక్కణ్ణించి పొట్టలోకి దిగి, పాలు పోసే గొట్టం కోసం పొట్టకు పెట్టిన చిల్లులోంచి బయటికి వస్తుంది. పదిహేను రోజులకోసారి డాక్టరు పిల్లను నిద్రపుచ్చి, దారానికి నున్నటి రబ్బరు కడ్డీ కట్టి లోపలికి లాగుతాడు. కాలి, మచ్చకట్టి మూసుకుపోయిన అన్నవాహిక కాస్త తెరుచుకుంటుంది. దారం తీసేస్తే ఆ సన్నటి సందు మళ్ళీ దొరకదు.

"కోసెయ్యమంటే కోసెయ్యడానికి ఇదేమన్నా జడ రిబ్బనా?" అంది నర్సు ఫిందా. "లోపల డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. తర్వాతి వంతు మీదే."

"పదకొండు సార్లయింది! తెరుస్తారు. నాలుగు రోజులు గంజి దిగుతుంది. మళ్ళీ ఉమ్మి కూడా దిగదు. నా బిడ్డ అన్నం తిని ఏడాదయింది. ఆసుపత్రివాళ్ళే పిల్లను తినేస్తున్నారని మా అత్త ఊరంతా చెప్తోంది."

"సబ్బు కాచే కాస్టిక్ సోడాను నీళ్ళు తాగే కప్పులో కలిపింది ఎవరో, అది కూడా చెప్పిందా మీ అత్త?"

గోడవార బల్ల మీంచి వచ్చింది ఆ మాట. యెమా అవ్వ ఒళ్ళో గంప పెట్టుకుని కర్రపెండలం ఆకులు దూస్తోంది. వార్డు వెనక తల్లులందరూ కలిసి వండుకునే పొయ్యి దగ్గర ప్రతి మంగళవారం ఆమెదే పెత్తనం. ఆమె నోరు తెరిస్తే మూయించగల మనిషి ఆ ఆసుపత్రిలో లేడు.

బైందు తల దించుకుంది. "మా అత్తే కలిపింది."

"నేనూ కలిపాను తల్లీ. సబ్బు కాచే రోజు చేతికి ఏ కప్పు దొరికితే అందులో కలిపేస్తాం. పిల్లలు మంచినీళ్ళనుకుంటారు. నా మనవరాలు తెన్నె ఒక్క గుక్కే తాగింది. నీ బిడ్డ ఎంత తాగింది?"

"ఒక్క గుక్కే."

"చూశావా. ఇక ఆ మూట కింద పెట్టు. నీ గురించి కాదు, నా గురించి చెప్తా విను. పదకొండోసారి అయ్యాక నేనూ ఇదే బల్ల మీద, ఇట్లాగే మూట కట్టుకుని కూర్చున్నా. ఈ ఫిందాను తిట్టని తిట్టు లేదు. నీ చేతులు విరగ, బిడ్డను చిత్రవధ చేస్తున్నారు, ఇక చాలు అన్నా. అన్నానా లేదా, ఫిందా?"

"అన్నావు," అంది ఫిందా. పక్కకు తిరిగి దూది ఉండలు చుట్టసాగింది.

"తర్వాత?" అంది బైందు.

"తర్వాతేముంది! పన్నెండోసారి కడ్డీ కొంచెం లావుది పట్టింది. పదిహేనోసారికి గంజి ఆగకుండా దిగింది. ఇరవై రెండోసారికి, ఇంత పళ్ళెం నిండా అన్నం, ఎర్రనూనె ఓడుతున్న ఆకుకూర, ఎండుచేప! చేప తల నాకే కావాలని నాతో పోట్లాడింది. ఒక దెబ్బ వేశా కూడా."

బైందు పెదవుల మీదికి నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగింది. "ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటుంది? బడికి పోయింది."

"పిల్ల బాగుపడితే మరి నువ్వెందుకొస్తావు ఇక్కడికి?"

"ఇంట్లో నా కోడలి ముఖం చూడలేక. నువ్వే నయం, నీదింకా కొత్త ముఖం."

లోపలినుంచి పిలుపు వచ్చింది. "ఇసాటా!"

బైందు కదలలేదు. అవ్వ గంప దించి, లేచి వచ్చి, మూట ముడి తానే విప్పేసింది. "దారం కోయించుకోవాలంటే ఇరవై రెండు అయ్యాక కోయించుకో. నేనే కత్తెర తెచ్చిస్తా. అంతదాకా నువ్వు మూట కట్టావంటే ఆ మూటతోనే కొడతా."

బైందు బిడ్డను ఎత్తుకుని లోపలికి నడిచింది.

గంట తర్వాత డాక్టరే బయటికి వచ్చాడు. "ఇవాళ ఒక సైజు పెద్దది పట్టింది. మచ్చ మీద మందు కూడా రాశాను. ఇదే ఆఖరిసారి అనుకోకు, మళ్ళీ బిగుస్తుంది. మళ్ళీ తెరుద్దాం."

"తెరుద్దాం," అంది బైందు. ఆ మాట ఆమె నోట అదే మొదటిసారి.

సాయంత్రం పిల్లను వీపుకు కట్టుకుని వ్యాను ఎక్కుతూ కిటికీలోంచి అరిచింది. "అవ్వా! వచ్చేసారి తెన్నెను తీసుకురా. మా ఇసాటాకు చూపిస్తా!"

"బడి మానిపిస్తే వాళ్ళ మాస్టారు నన్ను కొడతాడు! నువ్వు ముందు పదమూడోసారికి రా!"

వ్యాను దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. ఫిందా వచ్చి అవ్వ పక్కన నిలబడింది.

"ఇవాళ ఇరవై రెండు అన్నావు. పోయిన నెల ఆ జాలరి ఆమెకు ముప్ఫై అన్నావు."

"ఆమె బిడ్డకు అప్పటికే ఇరవై తొమ్మిది అయ్యాయి కదే," అంది అవ్వ గంప అందుకుంటూ.

తెన్నెను పదకొండోసారికే ఇక చాలని దారం కోయించి ఇంటికి తీసుకుపోయి, కొన్నాళ్ళకే పూడ్చుకుంది అవ్వ.