ఏటికి అవతలి పూలు

“మన రెండు దేశాల ఒప్పందం వచ్చాక మీ తేనెకి సుంకం లేదక్కా. కానీ అది మీ దేశపు పూలదే అయ్యుండాలి,” అన్నాడు సరిహద్దు గేటు దగ్గర ఉజ్బెకు సుంకాధికారి షుహ్రత్. రుచి చూడటానికి రొట్టె విరిచి తేనెలో ముంచాడు. సగం తాను ఉంచుకుని, సగం తేనె డబ్బాలతో వచ్చిన కిర్గిజ్ రైతు బురుల్‌కాన్‌కి ఇచ్చాడు. “మీ తేనెటీగలు ఏరు దాటి మావైపు రావుగా?”

ఆ నేలమీద రొట్టె చేతిలో ఉండగా ఎవరూ అబద్ధమాడరు.

“రాకేం తమ్ముడూ! మంచి పూలన్నీ మీవైపేగా!”

షుహ్రత్ తల పట్టుకున్నాడు. “అయితే ఇది మీ దేశపు తేనె కాదు. సుంకం కట్టాల్సిందే.”

“మీ పూలదైతే మీ సరుకేగా? మీ సరుక్కి మీకే సుంకమేంటి?”

“మా సరుకు అవ్వాలంటే తేనెటీగలు మావై ఉండాలి.”

“మరి ఇది ఏ దేశానిదయ్యా?”

“ఒప్పందం ప్రకారం దీనికి దేశం లేదక్కా.”

సుంకం కడితే ఏడాది కష్టమంతా ఈ గేటు దగ్గరే హరించుకుపోతుంది. బురుల్‌కాన్ డబ్బా ఎత్తబోయింది. “సరేలే, వచ్చే ఏడు వాటికి పాస్‌పోర్టులు చేయించి తెస్తాను.”

“ఆగక్కా. ఆ రొట్టె బల్లమీద పెట్టు. మళ్లీ అడుగుతాను.”

ఆమె అతని చేతివైపు చూసింది. షుహ్రత్ తన ముక్కను అప్పటికే బల్లమీద పెట్టేశాడు.