పసుపు పట్టు

ఈ ఏడు ఊరికి మూడోసారి వచ్చిన జ్వరం తగ్గాక బడి తెరిచారు. ఎవరిని రానివ్వాలో ఇప్పుడు హెడ్మాస్టరు చెప్పడు, గేటు చెబుతుంది. టీకా వేస్తే చర్మం కింద గుర్తు పడుతుంది. గేటు భుజం చూసి పచ్చలైటు వేస్తే లోపలికి, ఎర్రలైటు వేస్తే మళ్ళీ వచ్చే టీకా దాకా ఇంటికి.

మా పావని భుజం చూపింది. ఎర్రలైటు.

"నిన్ననే కదయ్యా టీకా వేయించాను!" అన్నాను.

వాచ్‌మన్ సన్యాసిరావు వంగి చూశాడు. "ఏటిది? పసుపా?"

"వాచిందని నాన్నమ్మ పట్టు వేసింది," అంది పావని.

"సరిపోయింది. మీ నాన్నమ్మ వైద్యం గేటుకేటి తెల్సు? దానికి గుర్తు కనపడాల, అంతే."

నా చొక్కా విప్పి, కొళాయి దగ్గర తడిపి, దాంతో పిల్ల భుజం రుద్దాను. చర్మం ఎర్రబడింది గానీ పసుపు పోలేదు. పోయినా లాభం లేదన్నాడతను. ఒకసారి కాదన్న పిల్లని గేటు మళ్ళీ చూడదట. నాకు కోపం కూడా రాలేదు. ఈ రెండేళ్ళలో అది ఎప్పుడో అయిపోయింది.

గేటు ముందు పడున్న పావని సంచీ తీసుకోడానికి అలాగే చొక్కా లేకుండా వంగాను. పనిలో నాకూ వేశారు టీకా. నా భుజానికి ఎవరూ పట్టు వేయలేదు.

పచ్చలైటు వెలిగింది. "స్వాగతం. తరగతికి వెళ్ళండి," అంది గేటు.

ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను.

"వెళ్ళు నాన్నా. మా టీచర్ని అడిగానని చెప్పు," అంది పావని.

నేను కదల్లేదు. కాసేపు బార్లా తెరుచుకుని చూసి, గేటు దానంతటదే మూసుకుంది.