తాళాల మనిషి ఇంటి తలుపు

ఊళ్లో ఏ తాళమైనా చిటికెలో తీసే మనిషి, కూతురి గది ముందు మోకాళ్ల మీద కూర్చుని అరగంటగా తాళం కన్నంలో ఇనుప పుల్లతో కుస్తీ పడుతున్నాడు.

“పిల్ల మూడు రోజులుగా ముభావంగా ఉంది. లోపల ఏం దాచిందో చూడాలి,” అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

“తలుపు కొట్టి అడగొచ్చుగా.”

“అడిగితే చెబుతారా ఈ వయసు పిల్లలు? నువ్వు లైటు పట్టు.”

టక్కుమంది. భార్య వైపు గర్వంగా చూసి పిడి తిప్పాడు. తలుపు కదల్లేదు.

“నాన్నా,” అంది లోపలినుంచి కూతురు. “నేను తాళం వేయలేదు. ఇప్పుడు నువ్వే వేశావు.”

కంగారుగా పుల్ల లాగాడు. సగమే బయటికొచ్చింది.

“విరిగి ఇరుక్కుంది,” అన్నాడు నీరసంగా.

భార్య లైటు ఆర్పేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

“మూడు రోజులుగా తాళం తీసే ఉంచాను,” అంది కూతురు. “నువ్వొచ్చి ఏమైందని అడుగుతావని.”

అతను పనిముట్లు పక్కన పెట్టాడు. ఇరవై ఏళ్ల వృత్తిలో మొదటిసారి, ఒక తలుపుని వేలితో మెల్లగా తట్టాడు.

“లోపలికి రానా తల్లీ?”

“ఎలా వస్తావు? అక్కడే కూర్చో, చెప్తాను.”