తాడు రెండో కొస

"ఈ తాడూ బాగాలేదు వదినా. మధ్యలో ఎక్కడో గట్టిగా తగులుతోంది," అంటూ గిసోక్ కొత్త తాడును బల్లమీద పడేశాడు.

ఓక్‌బున్‌కు ఒళ్లు మండింది. దోబోంగ్ కొండ కింద, కొండలెక్కేవాళ్ల సామాన్లమ్మే ఆమె దుకాణానికి, తాడు మార్చమని అతను రావడం ఇది మూడోసారి.

"మా ఆయనతో కొండలెక్కినన్నాళ్లూ పాత తాళ్లతోనే కోతిలా ఎగబాకేవాడివి. ఇప్పుడు పట్టుతాడు కావాల్సొచ్చిందా? పట్టుకో ఆ కొస!"

తాడు తనిఖీకి ఇద్దరు కావాలి. ఒకరు వదులుతుంటే ఇంకొకరు వేళ్లతో తడుముతూ లాగాలి. ఓక్‌బున్ లాగింది. ఎక్కడా లోపం తగల్లేదు. ఎక్కేటప్పుడు చేతులకు రాసుకునే సుద్దపొడి మరక లేదు, రాతికి ఒరుసుకున్న గుర్తు లేదు. నడుముకు కట్టుకునే కొస ఇంకా ముడి ఎరగదు.

"అసలు కొండెక్కావా నువ్వు?"

గిసోక్ తల దించుకున్నాడు. "అన్న పోయాక కింద తాడు పట్టేవాళ్లెవరు వదినా?"

తాడు అతని చేతుల్లోంచి ఆమె చేతుల్లోకి మెల్లగా జారుతూనే ఉంది. అటువైపు ఒక మనిషి ఉన్నట్టు చేతికి తెలిసి ఎన్నాళ్లయిందో!

తన సరుకును ఎవర్నీ ఒక్క మాట అననివ్వని ఓక్‌బున్ గొంతు సవరించుకుంది.

"నిజమే, ఎక్కడో తేడా ఉంది. ఇవాళ దొరకలేదు. వచ్చే ఆదివారం రా, మళ్లీ చూద్దాం."

"పొద్దున్నే రానా వదినా?"

"రా. అన్నం ఇక్కడే తిందువుగాని. ఇది తొందరగా తేలే పని కాదు."